జిలేబి చేప తినవచ్చునా?
తిలాపియా గుణదోష విచారణ

మా తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో జిలేబి అనే పేరు రెండు వస్తువులకు ఉన్నది. ఒకటి మిఠాయి అంగడిలోనిది. రెండవది చేపల అంగడిలోనిది. ఈ రెండవదానినే కృష్ణా, గోదావరి జిల్లాలవారు చైనా గొరక అంటారు. శాస్త్రజ్ఞుల వాడుకలో దీని పేరు తిలాపియా. చైనాకు, దీనికి పుట్టుకతో సంబంధమేమీ లేదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా ఖండపు నదులు.

కొంతకాలంగా ఈ చేపను గురించి ఎవరో ఒకరు నన్ను అడగని వారం లేదు. "ఇది హార్మోన్లతో పెంచిన చేపట గదా అయ్యా?" "తింటే క్యాన్సరు వస్తుందట." "పెంట తిని బతుకుతుందట." అన్నీ 'అట'లే. సెల్‌ఫోనులో ఎవరో పంపిన సందేశం చూపిస్తారు. ఆ చేప ఏ నీటిలో పెరిగినది, ఏమి తిని పెరిగినది అని మాత్రం అడిగినవారు అరుదు. వైద్యుడిగా నాకు ముఖ్యమైన ప్రశ్నలు ఆ రెండే.

ఈ భయం ఊరకే పోయేది కాదు. క్షయవ్యాధికి ప్రభుత్వపు మందులు వాడుతున్న ఒక యువకుడు బలానికి లేహ్యం కోరి నా వద్దకు వచ్చినాడు. శరీరం ఎముకల గూడు. ఇంతకు ముందు వారానికి రెండు మూడు మార్లు వారి ఇంట జిలేబి చేప వండేవారు. పై సందేశమేదో చూసి మానివేసినారు. కొరమేను కొనే స్తోమత లేదు. మాంసం పండుగకు తప్ప రాదు. చేప పోయిన చోట ఏమి వచ్చినదని అడిగితే, "చారు, మజ్జిగ" అన్నది తల్లి. క్షీణించిన ధాతువులకు బృంహణం కావలసిన వేళ ఆ ఇంటిలో ఉన్న ఒక్క బృంహణ ద్రవ్యాన్నీ వదిలివేసినారు. ఆయన మందులు ఒక్క రోజు కూడా మానరాదని, చేపను మళ్లీ మొదలు పెట్టమని, ఏ చేప తేవలెనో చెప్పి పంపినాను. అప్పుడు చెప్పిన విషయాలనే ఇక్కడ కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను శాకాహారిని. చేప రుచి నేనెరుగను. కాని ఆయుర్వేదం ఒక ఇంటి వంటకు కట్టుబడిన శాస్త్రం కాదు. గురుకులంలో మాంసవర్గం పాఠం నడిచే రోజులలో మాలో కొందరు ముఖం చిట్లించేవారు. "రోగి నీ ఇంటి భోజనం తినడురా, తన ఇంటి భోజనం తింటాడు" అని గురువుగారు ఆ అధ్యాయాన్ని మా చేత రెండు పర్యాయాలు వల్లె వేయించినారు.

శాస్త్రం ఏమంటున్నది?

తిలాపియా పేరు మన సంహితలలో ఉండదు, ఉండే అవకాశమూ లేదు. అయినా దీనిని అంచనా వేయడానికి కావలసిన కొలబద్దలన్నీ ఉన్నవి. చేపలు గురువులు, ఉష్ణములు, మధురములు, స్నిగ్ధములు, బలమునిచ్చునవి, వాతహరములు అని చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం చెప్పి, ఆ వెంటనే బహుదోషములు అని కూడా హెచ్చరిస్తున్నది. అందరు చేపలలో రోహితానికి పెద్ద పీట వేసినది. రోహితమంటే మన శీలావతి చేప అని ఎక్కువ మంది పెద్దల అభిప్రాయం. ఆ గౌరవానికి చరకుడు చూపిన కారణం గమనించదగినది. అది నాచు తిని బతుకుతుంది గనుక, నిద్రపోదు గనుక, తేలికగా జీర్ణమై అగ్నిని పెంచుతుందట. అనగా మేతను బట్టి, కదలికను బట్టి మాంసపు గుణం. తిలాపియా కూడా స్వభావం చేత నాచును, నీటిలోని సూక్ష్మజీవులను తినే చేపయే. ఆ మేర దానికి మంచి మార్కులు వేయవచ్చును.

సుశ్రుతుడు నీటిని బట్టి విభజించినాడు. చెరువు చేపలు స్నిగ్ధములు, తియ్యనివి. పెద్ద మడుగులలోనివి బలమైనవి. కొద్ది నీటిలోనివి బలహీనములు. మన వంటి కరవు సీమకు ఈ చివరి మాట మరీ వర్తిస్తుంది. కార్తీక మార్గశిరాలలో ఈశాన్య ఋతుపవనాల వానకు నిండిన చెరువు చైత్ర వైశాఖాలకు మడుగుగా మిగులుతుంది. మిగిలిన చేపలు ఆ బురదలో ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. ఇతర చేపలు ఊపిరాడక చచ్చే నీటిలో కూడా తిలాపియా బతకగలదు. దాని గట్టిదనం అది. కాని అలా బతికిన చేపకూ, నిండు జలాశయంలో తిరిగిన చేపకూ గుణం ఒకటి కాదు. ఎండు చెరువులో పట్టిన అరచేతి పాటి చేపలను నేను పథ్యంగా చెప్పను.

చరకుడే మరొక చోట వర్జించవలసిన మాంసాలను పేర్కొన్నాడు. తనంత తాను చచ్చినది, కృశించినది, మితిమీరి కొవ్వినది, ముసలిది, మరీ పసిది, విషంతో చచ్చినది ఆ కోవలోకి వస్తాయి. వాటితో పాటు 'అగోచరభృతం' అని ఒక మాట ఉన్నది. తనకు సహజమైన తావు కాని చోట, సహజమైన మేత లేక పెరిగినదని దాని భావం. కొందరు పండిత మిత్రులు ఈ మాట పట్టుకొని, పెంచిన చేప ఏదైనా నిషిద్ధమేనని వాదిస్తారు. నేను అంగీకరించను. ఆ లెక్కన ఇంటి కోడి, కొట్టపు మేక కూడా పోవలెను. చెరువు చేపకు చెరువు పరాయి తావు కాదు. కాని కోళ్ల అంగడి నుండి తెచ్చిన పేగులు, ఈకలు, కుళ్లిన వ్యర్థాలు మేతగా వేసి పెంచినది నిస్సందేహంగా అగోచరభృతమే. మన రాష్ట్రంలో ఆ పని నిషిద్ధం. అయినా చాటుగా చేసేవారు పట్టుబడుతూనే ఉన్నారు. ఎక్కువగా ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గుంతలలో జరిగే ఈ పాపం పేరు తిలాపియాకు కూడా అంటుకొన్నది.

మన చెరువులకు ఎట్లా వచ్చినది?

మొజాంబిక్ తిలాపియా 1939లో జావా ద్వీపంలో కనబడి, అక్కడి నుండి ఆసియా అంతటా వ్యాపించినది. మన దేశానికి 1952లో తెచ్చినారు. పేదలకు చవకగా మాంసకృత్తులు అందుతాయన్నది ఆనాటి ఆలోచన. ఆలోచన మంచిదే, కాని చేప స్వభావం వేరు. ఆడ చేప గుడ్లను, పిల్లలను నోటిలో పెట్టుకొని కాపాడుతుంది. అందువల్ల పిల్లలలో చావు తక్కువ. రెండు మూడు నెలల వయసుకే మళ్లీ అవి తల్లులవుతాయి. చెరువంతా వేలెడు చేపలతో నిండిపోయి, ఏదీ పెద్దది కాదు. మన దేశవాళి చేపల మేతను, తావును కూడా ఆక్రమించినవి. అందుకే 1959లో భారత మత్స్య పరిశోధన కమిటీ దీని పెంపకం కూడదన్నది. అప్పటికే ఆలస్యమైనది. తమిళనాడులోని అమరావతి, వైగై వంటి జలాశయాలలో అదే పాతుకొనిపోయినది.

ఈనాడు పెంపకందారులు కోరుకొనేది వేరొక జాతి, నైలు తిలాపియా. దాని నుండి 1988లో ఫిలిప్పీన్స్‌లో ఆరంభించిన పనితో 'గిఫ్ట్' అనే వంగడం వచ్చినది. ఆ అక్షరాల వెనుక ఉన్న పూర్తి పేరులో 'జన్యుపరంగా మెరుగుపరచిన' అనే మాట ఉండడం చేత చాలామంది బీటీ పత్తి వంటిదని భ్రమపడుతున్నారు. అది సరికాదు. ఆఫ్రికా నుండి తెచ్చిన చేపలను, ఆసియాలో పెంచుతున్న చేపలను కలిపి, తరతరానికి బాగా ఎదిగిన వాటిని ఏరి ఈనించినారు. మన పెద్దలు పుంగనూరు పొట్టి ఆవును నిలుపుకొన్న పద్ధతీ ఇదే. మరొక జీవి జన్యువును ఇందులో దూర్చలేదు.

2009లో కేంద్ర ప్రభుత్వం షరతులతో తిలాపియా పెంపకానికి అనుమతి ఇచ్చినది. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ జలచర పెంపక కేంద్రం 2011లో గిఫ్ట్ విత్తన కేంద్రాన్ని నెలకొల్పినది. సాగు చేసేవారు మత్స్యశాఖ వద్ద నమోదు చేసుకొనవలెను. మగ చేపలనే పెంచవలెను. వరద వచ్చినా చేప బయటికి పోకుండా గట్లు, జాలీలు, పక్షులు ఎత్తుకొని పోకుండా పైన వలలు ఉండవలెను. ఈ చివరి షరతు మన జిల్లాలలో మాటవరుసకు పెట్టినది కాదు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకే ఊట పడి, కింది పల్లెలన్నీ ఖాళీ చేయవలసి వచ్చినది. అంతటి చెరువుకే దిక్కులేనప్పుడు ఇంటి వెనుక గుంత ఎంత? తోటలో నీటి తొట్టి ఉన్నదని సరదాగా నాలుగు పిల్లలు తెచ్చి వేసి, విసుగు పుట్టినప్పుడు ఊరి చెరువులో వదలిపెట్టే వారున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

హార్మోను మాట

ఇది పూర్తిగా కట్టుకథ కాదు, అట్లని చెప్పుకొంటున్నంత భూతమూ కాదు. మగ చేప త్వరగా ఎదుగుతుంది. మగవే ఉంటే ఈనడం ఉండదు, చెరువు కిక్కిరియదు. అందుకని గుడ్డు పగిలి ఈదడం మొదలుపెట్టిన చిట్టి పిల్లలకు సుమారు మూడు నాలుగు వారాలు మేతలో మిథైల్ టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోను కలిపి పెడతారు. ఆ పిల్ల బరువు అప్పటికి ఒక గ్రాము కూడా ఉండదు. తరువాత ఐదారు నెలలు మామూలు మేతతోనే పెరిగి అర కిలో వరకు తూగుతుంది. మేత ఆగిన కొద్ది వారాలలోనే ఆ మందు శరీరం నుండి పోతుందని పరీక్షలలో తేలినది. పళ్లెంలోకి వచ్చే చేపలో దాని గురించి భయపడవలసిన పని లేదు. విచారించవలసినది హేచరీలో చేతులతో ఆ మేత కలిపే కూలివాని గురించి, అక్కడి నీరు శుద్ధి లేకుండా కాలువలో కలవడం గురించి. ఆ మాట సందేశాలలో ఎవరూ వ్రాయరు.

ఇంకొక అపవాదు 2008లో అమెరికా నుండి వచ్చినది. ఈ చేపలో ఒమేగా-3 కొవ్వు తక్కువ, ఒమేగా-6 ఎక్కువ అని ఒక పరిశోధన చెప్పగా, పత్రికలవారు ఉప్పు పంది మాంసం కంటె హీనమని ప్రచారం చేసినారు. పోషకాహార శాస్త్రజ్ఞులు పలువురు అదే సంవత్సరం ఆ పోలికను ఖండించినారు. ఒమేగా-3 తక్కువన్నది నిజమే. గుండె కోసమే చేప తినదలచినవారు కవళ్లు, కానాగంతలు తినడం మేలు. కాని 100 గ్రాముల పచ్చి తిలాపియాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, రెండు గ్రాముల లోపు కొవ్వు, నూరు కేలరీల లోపు శక్తి ఉంటాయి. పాదరసం అతి స్వల్పం. అమెరికా ప్రభుత్వం 2017లో గర్భిణులకు, పిల్లలకు సూచించిన ఉత్తమ చేపల పట్టికలో దీనిని చేర్చినది. శీలావతి, బొచ్చెలలో వలె కండ మధ్య సన్నని ముళ్లు ఉండవు గనుక పిల్లలకు, పళ్లు లేని వృద్ధులకు పెట్టడం కూడా సులభం.

కొనేటప్పుడు

అంగడిలో మొదట అడగవలసినది "ఏ చెరువుది?" అని. జవాబు తడబడితే మరొక అంగడికి పోవలెను. ఊరి మురుగు కలిసే చెరువు చేప వద్దు. పాలారు నది కుప్పం దాటి తమిళనాడులో ప్రవేశించిన తరువాత వాణియంబాడి, ఆంబూరు ప్రాంతాల తోలు పరిశ్రమల వ్యర్థాలతో ఎంత చెడినదో లోకమెరుగును. సుప్రీంకోర్టు 1996లో ఆ విషయమై పెద్ద తీర్పే ఇచ్చినది. తిలాపియా అటువంటి నీటిలోనూ బతికి, చూపులకు ఆరోగ్యంగానే కనిపించగలదు. ఈ చేపలో నాకు నిజంగా భయం కలిగించేది ఇదే. సున్నితమైన చేప విషపు నీటిలో చచ్చి మనకు ముందే చెబుతుంది. ఇది చెప్పదు.

ప్రాణంతో ఉన్న చేప దొరికితే అంతకంటె మేలు లేదు. లేనిచో కన్ను ఉబ్బి తేటగా ఉండవలెను. మొప్ప ఎర్రగా ఉండవలెను. వేలితో నొక్కిన పల్లం వెంటనే పూడవలెను. చేప వాసన బొత్తిగా లేక, ముక్కు మండించే ఘాటు తోస్తే ఫార్మలిన్‌ను అనుమానించండి. 2018లో ఆంధ్ర చేపలలో ఫార్మలిన్ ఉన్నదని అస్సాం రాష్ట్రం పది రోజులు దిగుమతి నిలిపివేసిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనిని కనిపెట్టడానికి చిన్న కాగితపు పరీక్ష కూడా తయారు చేసినది. అర కిలో అటు ఇటుగా తూగే చేప శ్రేష్ఠం.

ఎవరికి పథ్యం?

జ్వరం తగ్గి ఆకలి పుట్టినవారికి, క్షీణించినవారికి, వాత ప్రకృతి గలవారికి, ఎదిగే పిల్లలకు వారానికి రెండు మార్లు పెట్టవచ్చు. నిత్యం వద్దు. ప్రతిదినం తినరాని పదార్థాలలో చరకుడు చేపను, పెరుగును కూడా చేర్చినాడు. అగ్నిమాంద్యంతో కడుపు బరువుగా ఉన్నప్పుడు, దగ్గు కఫం ఆడుతున్నప్పుడు, గజ్జి తామర వంటి చర్మరోగాలు రేగినప్పుడు మానవలెను. వాతరక్తం, అనగా యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లు వాచే వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి తినవలెను. మూత్రపిండాలు చెడినవారు మాంసకృత్తుల లెక్క తమ డాక్టరు చెప్పినంతే ఉంచుకొనవలెను. చేప తిన్నప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి ఏ చేపా తగదు.

పాలతో చేప విరుద్ధాహారమని చరకుడు స్పష్టంగా చెప్పినాడు. రెండూ మధురములే అయినా ఒకటి శీతం, మరొకటి ఉష్ణం. కలిస్తే రక్తాన్ని చెరచి, స్రోతస్సులను అడ్డగిస్తాయి. అందువల్ల బొల్లి వస్తుందని మన ఇళ్లలో అనుకొంటారు. నేటి చర్మవైద్యులు దానికి ఆధారం లేదంటారు. బొల్లి ఉన్నవారిని ఆ మాటతో నిందించడం తప్పు. అయినా చేప తిన్న పూట పాలు, పాయసం వద్దనే నేను చెబుతాను. మజ్జిగ దాహం ఉంటే తరువాతి పూటకు ఉంచుకోండి.

వంట సంగతి

ఇది నా చికిత్సకు వచ్చే ఇళ్ల ఆడవారి వద్ద విని, శాస్త్రంతో సరిచూసుకొన్న పద్ధతి. చెరువు చేపకు బురద వాసన ఉంటుంది. నీటిలోని కొన్ని నాచులు పుట్టించే జియోస్మిన్ అనే పదార్థం దానికి కారణం. పులుపు దానిని విరిచివేస్తుంది. మన పూర్వులు చేపకు చింతపండు జోడించడంలో ఎంత యుక్తి ఉన్నదో చూడండి! పొలుసు గీకి, వీపు మీది ముళ్ల రెక్కలు జాగ్రత్తగా కోసి, పొట్టలోని నల్లని పొరను పూర్తిగా ఒలిచి తీయవలెను. చాలామంది ఈ పొరను వదిలివేస్తారు, చేదు దానివల్లనే. తరువాత కల్లుప్పు, పసుపు, కొంచెం చింతపులుసు పట్టించి పావు గంట ఉంచి, రెండు మూడు నీళ్లు మార్చి కడగవలెను.

కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. మట్టి చట్టిలో నువ్వుల నూనెగాని చెనక్కాయ నూనెగాని నాలుగు చెంచాలు కాచి, అర చెంచా మెంతులు వేసి ఎర్రబడనివ్వండి. నల్లబడితే పులుసంతా చేదు. చిన్న ఎర్రగడ్డలు ఒక గుప్పెడు, తెల్లగడ్డ పాయలు పది, కరివేపాకు వేసి వేయించి, రెండు టమాటాలు మగ్గించండి. వేయించి పొడి చేసిన ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒకటి, మిరియాలు అర చెంచా వేయండి. కారం సగానికి తగ్గించి ఆ లోటు మిరియాలతో పూరించడం నా సలహా. చేప ఉష్ణం, మన సీమ కారం అంతకు మించిన ఉష్ణం; పైత్య శరీరాలు తట్టుకోలేవు. చింతపులుసు పోసి బాగా కాగి, నూనె పైకి తేలిన తరువాతనే ముక్కలు వేయండి. గరిటె పెట్టవద్దు, చట్టిని రెండు చేతులా పట్టి కుదపండి. పది పన్నెండు నిమిషాలలో కండ తెల్లబడి ముల్లు నుండి విడిపోతుంది. అంతవరకు ఉడకవలసినదే. సగం ఉడికిన చేపలో పురుగులు చావకపోవచ్చు. వేసవిలో పచ్చి మామిడికాయ దొరికితే చింతపండు తగ్గించి నాలుగు బద్దలు వేయండి.

ముద్దలు ముద్దలుగా నూనెలో వేపినది రుచి కావచ్చు, కాని గురువు మరింత గురువవుతుంది. రోగికి, వృద్ధునికి వేపుడు వద్దు. పెనం మీద చెంచా నూనెతో కాల్చి నిమ్మరసం పిండి పెట్టవచ్చు.

ఈ పులుసు రాగి సంగటితో తినడం మన సీమ అలవాటు. రాగి శీతం గనుక చేప ఉష్ణానికి మంచి జోడు. ఆ క్షయరోగి యువకుడికి మొదటి వారం సంగటి వద్దని, మెత్తటి అన్నంలో రెండు ముక్కలు, పలుచని పులుసు చాలునని చెప్పినాను. ఆకలి కుదిరిన తరువాత సంగటి మొదలు పెట్టినాడు. ఇక మరునాటి చేపల పులుసుకే అసలు రుచి అని మా వైపు అందరూ అంటారు. శాస్త్రం నిలువ అన్నాన్ని ఒప్పదు. ఈ ఒక్క విషయంలో నా మాట ఏ ఇల్లాలూ వినలేదు గనుక, కనీసం రాత్రి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం తెర్లేదాకా కాచి తినమంటున్నాను. మూడవ పూటకు మాత్రం వద్దు.